చిల్లపెంకు చదవడం ఎలా: విశాఖ తీరంలో పాత కుండల నుంచి ఊరి గుర్తింపునీ వర్తకాన్నీ తెలుసుకునే పద్ధతి

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నా ఫోన్‌కి ఒక ఫొటో వస్తుంది. అరచేతిలో ఒక మట్టి పెంకు, కింద ఒకటే ప్రశ్న: "సార్, ఇది ఎంత పాతది? రోమన్‌దేనా?" పంపేవాళ్ళు మారుతుంటారు, ఫొటో మాత్రం ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఎక్కడ దొరికిందో రాయరు, పక్కన స్కేలు పెట్టరు, విరిగిన అంచు కనపడదు. ఆ ఫొటో చూసి నేను చెప్పగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

అందుకే ఈ పద్ధతి వరసగా రాస్తున్నాను. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, బొజ్జన్నకొండ, శాలిహుండం లాంటి పాత బౌద్ధ క్షేత్రాల చరిత్ర గురించి చాలామంది రాశారు, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. పెంకును ఏ వరసలో చూడాలి, దాన్నుంచి అక్కడి మనుషుల గురించీ వాళ్ళ వర్తకం గురించీ ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే నా విషయం.

ఒక మాట ముందే చెప్పాలి. అందమైన పెంకు కోసం వెతికితే ఈ పని రాదు. మసి పట్టిన ముతక వంటకుండ ముక్కలే ఊరి గురించి ఎక్కువ చెబుతాయి. నునుపైన పళ్ళెం ముక్క చెప్పేది ఆ ఊరికి ఎవరెవరితో లావాదేవీలు ఉన్నాయో మాత్రమే. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే సగం తప్పులు జరుగుతాయి.

1. అన్నిటికంటే ముందు: తియ్యకండి

రక్షిత స్థలంలో నేల మీద పడి ఉన్న పెంకును కూడా జేబులో వేసుకోకూడదు. బొజ్జన్నకొండ, శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖవి. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం వీటికి వర్తిస్తాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కుండ, బొమ్మ లాంటివి పురావస్తువులే. లైసెన్సు లేకుండా తవ్వడం నేరం.

చట్టం సంగతి అలా ఉంచినా, ఇంకో కారణం ఉంది. చోటు నుంచి తీసిన పెంకు మూగబోతుంది. హైస్కూల్లో ఉన్నప్పుడు కొండల మీద ఏరిన ముక్కలు చెప్పుల డబ్బాలో దాచుకున్నాను. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది. వాటిలో ఒకటి చాలా మంచి నల్లటి పళ్ళెం అంచు. అది ఏ కొండదో, ఏ గది పక్కదో నాకు గుర్తు లేదు. దాన్నుంచి ఇక ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. ఆ తప్పు మీరు చెయ్యొద్దు.

మరి నేర్చుకోవడం ఎలా? మూడు దారులున్నాయి.

- స్థలంలో కంటితో చూసి, ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు రాసుకోవడం.
- మ్యూజియం అద్దాల వెనక ఉన్నవాటిని నిదానంగా చూడడం. చేత్తో పట్టుకుని చూడాలంటే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, విద్యార్థులు అక్కడి అధ్యాపకుల ద్వారా ప్రయత్నించడం మంచిది.
- ఇంట్లో కొత్త కుండలు పగలగొట్టి సాధన చెయ్యడం. అసలు నేర్పు వచ్చేది దీనివల్లే.

ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటే పాత కుండలు బయటపడ్డాయా? పని ఆపి, ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి, తహసీల్దారు కార్యాలయానికో పురావస్తు శాఖకో చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా కుండలోని మట్టిని ఖాళీ చెయ్యకండి. చాలాసార్లు కుండ కంటే అందులోని మట్టికే విలువ ఎక్కువ. గింజలు, బూడిద, ఎముక ముక్కలు దాంట్లోనే ఉంటాయి.

2. సామాను, ఇంట్లో సాధన

పెద్ద ఖర్చేమీ లేదు.

- పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం
- సెంటీమీటర్ల స్కేలు, ఫొటోలో పెట్టడానికి నలుపు తెలుపు గళ్ళ అట్టముక్క
- గ్రాముల్లో తూచే వంటింటి కాటా
- మెత్తటి బ్రష్, జిప్ కవర్లు, చెరగని పెన్ను
- వృత్తాల చార్టు: పెద్ద కాగితం మీద ఒకే కేంద్రం నుంచి వృత్తలేఖినితో 1 సెం.మీ. తేడాతో 25 వృత్తాలు గీసి, వాటిని కేంద్రం నుంచి గీతలతో 20 సమాన భాగాలు చెయ్యాలి. ఒక్కో భాగం 5 శాతం.

ఎండాకాలం రోడ్డు పక్కన అమ్మే మంచినీళ్ళ కుండ ఒకటి, ఒక మూకుడు, పెరుగు ముంత ఒకటి, నాలుగు ప్రమిదలు కొనండి. ఎవరింట్లోనైనా పొయ్యి మీద వాడిన మట్టి దాక ఉంటే అడిగి తెచ్చుకోండి, అది బంగారం. ఒక్కోదాన్ని గోనెసంచిలో వేసి పగలగొట్టండి. ఎన్ని ముక్కలయ్యాయో, ఎంత బరువున్నాయో రాసుకుని, అన్నిటినీ కలిపేయండి. వారం ఆగి, ఏది దేనిదో వేరు చెయ్యండి. నాలుగు వారాలు ఇలా చేస్తే మీ వేళ్ళకే తెలిసిపోతుంది, ఏది భుజం ముక్క, ఏది అడుగు అని.

వీలైతే దగ్గరలోని కుమ్మరి ఇంట్లో ఒక రోజంతా కూర్చోండి. సారె (కుమ్మరి చక్రం) మీద మెడ లాగడం, తర్వాత లోపల రాయి దన్ను పెట్టి బయట చెక్కతో తట్టి పొట్ట పెంచడం, ఆవం (కుండలు కాల్చే బట్టీ) పేర్చడం కళ్ళారా చూడాలి. పాత కుండ లోపలివైపు వరసగా కనిపించే గుంటలు ఆ రాయి దన్ను గుర్తులే. ఒకసారి చూసినవాళ్ళకి ఆ గుంటలు ఇక మరుపు రావు.

3. చోటు రాసుకోవడం

దీన్ని అందరూ తొందరగా దాటేస్తారు. మీరు దాటెయ్యకండి.

పెంకు కనపడగానే మొదట చుట్టూ చూడండి. అది కొండ పైనా, వాలులోనా, వాన నీళ్ళు కొట్టుకొచ్చే గెడ్డలోనా? వాలులో దొరికింది పైనుంచి జారి వచ్చి ఉంటుంది. గెడ్డలో దొరికింది ఎక్కడిదైనా కావచ్చు. తొట్లకొండ మీద భోజనశాల పక్కన పడి ఉన్న ముక్కకీ, భిక్షువుల గది దగ్గర ఉన్న ముక్కకీ ఒకే విలువ లేదు.

ప్రతి ఫొటోకీ ఇవి ఉండాలి:

- తేదీ, ఫోన్‌లో లొకేషన్
- దూరం నుంచి ఒక ఫొటో, దగ్గర నుంచి ఒకటి, రెండిట్లోనూ స్కేలు
- నేల ఎలా ఉంది: తవ్విన మట్టి, సహజమైన నేల, రోడ్డు కోసం పోసిన మట్టి

చివరిది ముఖ్యం. మన చుట్టుపక్కల లేఅవుట్ల కోసం మట్టి లారీల్లో ఊళ్ళు దాటుతోంది. ఒక కాలనీలో కనిపించిన పాత పెంకులు ఆ కాలనీవి కాకపోవచ్చు. ముందు ఆ మట్టి ఎక్కణ్ణుంచి తోలారో అడగండి.

4. అది అసలు కుండ పెంకేనా?

నాకు వచ్చే ఫొటోల్లో చాలా భాగం ఇంటి కప్పు పెంకులే. మంగుళూరు పెంకు తేలిగ్గానే తెలుస్తుంది, మందంగా, గాడులతో ఉంటుంది. మోసం చేసేది గూనపెంకు. దాన్నీ కుమ్మరి సారె మీదే చేసేవాడు, కాబట్టి సారె గీతలు ఉంటాయి, వంపూ ఉంటుంది. తేడా ఇది: గూనపెంకు ఒకవైపే వంగుతుంది, గొట్టాన్ని నిలువునా కోసినట్టు. కుండ ముక్క రెండు వైపులా వంగుతుంది. పెంకును బల్ల మీద బోర్లించి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి స్కేలు ఆనించండి. ఒకవైపు స్కేలు పూర్తిగా ఆనితే అది దాదాపు గూనపెంకే.

బీచ్‌లో దొరికే నీలం తెలుపు పింగాణీ ముక్కలు ఇంకో రకం. భీమిలిలో 17వ శతాబ్దం నుంచి డచ్చివాళ్ళు ఉన్నారు కదా అని ప్రతి ముక్కనూ డచ్చి కాలానికి కట్టేస్తారు. మొన్నటి టీ కప్పు కూడా అలాగే ఉంటుంది. గీసిన బొమ్మలో చేతి కుంచె జాడ ఉందా, అచ్చు వేసిన చుక్కలు ఉన్నాయా అని భూతద్దంతో చూడండి. అచ్చు చుక్కలుంటే ఈ మధ్యదే కావచ్చు.

5. మట్టిని చదవడం

పెంకు బయటి రంగును చూసి పేరు పెట్టెయ్యకండి. ముందు విరిగిన అంచు చూడాలి. పాత విరుపు మీద దుమ్ము, ఉప్పు పేరుకుని ఉంటుంది. తాజా విరుపులోనే మట్టి అసలు రూపం కనపడుతుంది. సాధన ముక్కల్లో కటింగ్ ప్లేయర్‌తో చిన్న మూల విరవండి. మ్యూజియం వస్తువు మీద ఆ పని మీరు చెయ్యకూడదు, అక్కడివాళ్ళే నిర్ణయించాలి.

భూతద్దంలో ఈ వరసలో చూడండి.

మొదట రంగు పొరలు. మధ్యలో నల్లగా, రెండు వైపులా ఎర్రగా ఉంటే, కాల్చినప్పుడు లోపలిదాకా గాలి, వేడి సరిగా అందలేదన్న మాట. మొత్తం ఒకే ఎరుపు అయితే బాగా గాలి ఆడిన ఆవం. మొత్తం నల్లగా ఉంటే గాలి మూసేసి పొగలో కాల్చారు. లోపలా అంచూ నల్లగా, బయట ఎర్రగా ఉండేది నలుపు-ఎరుపు కుండ. దాన్ని బోర్లించి కాల్చడం వల్ల లోపల పొగ చిక్కుకుని అలా అయిందని సాధారణంగా చెబుతారు. దక్షిణాదిన పెద్దరాతి సమాధుల కాలం నుంచి ఇది కనిపిస్తుంది, తర్వాతి శతాబ్దాల్లోనూ నడిచింది. కాబట్టి నలుపు-ఎరుపు కనపడగానే సమాధి కాలం అని రాసెయ్యకండి.

తర్వాత మట్టిలో ఏమి కలిసిందో. సన్నటి పొడవాటి ఖాళీలు ఊక కాలిపోయిన గుర్తులు. మెరిసే పొరలు అభ్రకం. తెల్లటి కోణాల ముక్కలు పలుగురాయి. ఊక, ముతక ఇసుక కలిపిన కుండ పొయ్యి మీద వేడికి పగలదు, కాబట్టి వంటకుండలో అవి ఉంటాయి. నునుపైన పళ్ళేనికి మట్టిని నీళ్ళలో కలిపి తేర్చి, పైన తేలిన మెత్తటి మట్టే వాడతారు.

ఇక్కడ మన తీరానికి ప్రత్యేకమైన విషయం ఉంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి అరిగి మన ఇసుక తయారైంది. దాంట్లో ఎర్రటి గోమేదకం లాంటి గార్నెట్ రేణువులు, నల్లటి ఇల్మనైట్ రేణువులు ఉంటాయి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల ఇసుకను చేతిలో పోసుకుని భూతద్దంతో చూడండి, కళ్ళకి అలవాటవుతుంది. పెంకులో గార్నెట్ కనపడితే అది ఈ కనుమల పక్క మట్టి కావచ్చని ఒక సూచన దొరికినట్టే. సూచన మాత్రమే, ఎందుకంటే ఇదే రకం రాళ్ళు ఒడిశా నుంచి గోదావరి దాకా ఉన్నాయి. గార్నెట్ ఉందని విశాఖలోనే చేశారనలేం. అసలు లేకుండా, మనవైపు దొరకని రేణువులు ఉంటే మాత్రం బయటిదేమో అని ఆలోచించాలి.

ఆ తర్వాత పైపూత. గోరుతో గీకొద్దు. వాలుగా లైటు వేసి చూడండి. మెత్తటి మట్టిని నీళ్ళలో కలిపి పూసిన పూత విరిగిన అంచు దగ్గర సన్నటి వేరే రంగు గీతలా కనపడుతుంది. పూత లేకుండా గులకరాయితో రుద్ది మెరిపిస్తే సన్నటి చారలు ఉంటాయి.

చివరగా వాడిన గుర్తులు. బయట మసి ఉంటే పొయ్యి మీద పెట్టింది. కానీ మసి విరిగిన అంచు మీదికి కూడా పాకితే, అది పగిలాక మంటలో పడింది, వంటకి సాక్ష్యం కాదు. లోపల తెల్లటి గార పేరుకుంటే నీళ్ళు నిలవ చేసి ఉంటారు. మన దగ్గర సముద్రపు గాలికి పెంకుల మీద తెల్లటి ఉప్పు ఊరుతుంది, దాన్ని గార అనుకుంటారు. గార లోపలివైపే ఉంటుంది. ఉప్పు లోపల, బయట, విరుపు మీద కూడా ఉంటుంది.

కడిగే ముందు ఒక్క క్షణం ఆగండి. లోపల అంటుకున్న మాడు, జిడ్డు ఉంటే ఆ పెంకును కడగకూడదు. ల్యాబ్‌లో ఆ మాడు నుంచి ఏం వండారో, ఎప్పుడు వండారో తెలుసుకునే వీలుంది. కార్బన్ పరీక్ష మట్టికి కాదు, దానికి అంటిన మసికీ బొగ్గుకీ చేస్తారు. నిమ్మరసం, యాసిడ్ లాంటివి అసలు వాడొద్దు, మట్టిలో కలిసిన గవ్వ, సున్నం కరిగిపోతాయి.

6. అంచును కొలిచి ఆకారం కనుక్కోవడం

పొట్ట ముక్కలు వంద ఉన్నా ఆకారం తెలియదు. ఒక్క అంచు ముక్క చాలు. అందుకే అంచు, మెడ, అడుగు, పిడి, చిమ్ము, బొమ్మ ఉన్న ముక్కలను విడిగా పెట్టాలి.

కొలిచే పద్ధతి:

అంచు ముక్కను బోర్లించి వృత్తాల చార్టు మీద పెట్టండి. ముందుకీ వెనక్కీ వంచుతూ, అంచుకీ కాగితానికీ మధ్య వెలుగు కనపడని కోణం పట్టుకోండి. కుండ అసలు నిలబడే కోణం అదే. తర్వాత ఏ వృత్తంతో సరిగ్గా కలుస్తుందో జరుపుతూ చూడండి. ఆ వృత్తం వ్యాసార్ధం 10 సెం.మీ. అయితే కుండ మూతి 20 సెం.మీ. అంచు చార్టు మీద ఎన్ని భాగాలు పరుచుకుందో చూసి శాతం రాయండి. 5 శాతం కంటే తక్కువ మిగిలిన ముక్క మీద కొలతను నమ్మొద్దు, కుండ చేత్తో చేసింది కాబట్టి కొద్దిగా వంకర ఉంటుంది.

బొమ్మ గీసేటప్పుడు మన దేశంలో ఎక్కువగా ఎడమవైపు కోత చూపి నల్లగా నింపి, కుడివైపు బయటి రూపం గీస్తారు. మధ్యలో నిలువు గీత. ఫొటో కంటే ఈ బొమ్మే ఎక్కువ పనికొస్తుంది. ఇంకో ఊరి బొమ్మ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

పేర్లు పెట్టేటప్పుడు మనకి తెలిసిన మాటలే వాడండి: బాన, కడవ, అటిక, దాక, మూకుడు, ముంత, కూజా, ప్రమిద. వెడల్పాటి మూతి, పొట్టి మెడ, కింద మసి ఉంటే అటిక. సన్నటి మెడ, పెద్ద పొట్ట, మసి లేకపోతే కడవ. నోట్సులో "గిన్నె లాంటిది" అని రాస్తే నెల తర్వాత మీకే అర్థం కాదు.

7. లెక్క పెట్టడం

ఒక పెద్ద బాన పగిలితే రెండు వందల ముక్కలు కావచ్చు. ఒక ముంత పగిలితే పది. ముక్కలు లెక్కపెట్టి "ఇక్కడ బానలే ఎక్కువ" అంటే ఎలా?

అందుకే మూడు లెక్కలు రాయాలి: ముక్కల సంఖ్య, బరువు, అంచు శాతాల మొత్తం. ఉదాహరణకి ఒక చోట గిన్నె అంచులు నాలుగు: 15, 10, 20, 15 శాతం. మొత్తం 60. బాన అంచు ఒకటే: 10 శాతం. ముక్కల లెక్కలో బాన ముందుండొచ్చు, అంచు లెక్కలో గిన్నెలు ఆరు రెట్లు. నేను ఎప్పుడూ మూడో లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

అన్ని ముక్కలనూ లెక్కపెట్టాలి, నచ్చినవాటినే కాదు. పాత తవ్వకాల్లో చాలాచోట్ల ముతక పెంకులను కుప్పపోసి వదిలేశారు. అలా వదిలేసిన చోట ఇప్పుడు ఆ ఊరివాళ్ళు ఏం వండుకుని తిన్నారో చెప్పే దారి లేదు.

8. ఊరి గుర్తింపు: ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు

ఇక్కడే తొందరపాటు ఎక్కువ. "ఈ పెంకు కళింగులది", "ఇది ఆంధ్రులది" అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. మన జిల్లాలు రెండు పేర్ల మధ్యా ఉన్నాయి కాబట్టి ఆ తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ కుండకి భాష లేదు.

మన వీధి సంగతి చూడండి. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, నేవీలో పనిచేసే బెంగాలీవాళ్ళు పక్కపక్కనే ఉంటారు. అందరి ఇళ్ళలోనూ అదే ప్రెషర్ కుక్కర్. కుక్కర్ చూసి ఎవరిది ఏ ఊరో చెప్పలేం. అదే ఆవకాయ జాడీ తీసుకోండి. ఆ జాడీని మన ఊళ్ళో చెయ్యరు, ఎక్కడి నుంచో లారీలో గడ్డి చుట్టి వస్తుంది. వస్తువు బయటిది, దాని వాడకం మాత్రం అచ్చంగా మనది. గుర్తింపు వాడకంలో ఉంటుంది, వస్తువు పుట్టిన చోట కాదు. పాత పెంకుల దగ్గరా ఇదే సూత్రం పెట్టుకోండి.

ఈ నాలుగు ప్రశ్నలు ఈ వరసలో అడగండి.

ఎలా తిన్నారు? ఒకే కొలత గిన్నెలు పదుల్లో ఉండి, గదుల దగ్గర వంటకుండలు తక్కువగా, పెద్ద బానలు ఒకేచోట ఉంటే, కలిసి వండి విడివిడిగా తినే జీవితం. తొట్లకొండ మీద గదులు, భోజనశాల, వంటశాల వేరువేరుగా ఉన్నాయి, కాబట్టి అలాంటి చోట పెంకుల లెక్క గది గదికీ విడిగా ఉండాలి. ఊళ్ళో అయితే ఇంటింటికీ మసి పట్టిన అటికలు, రకరకాల కొలతలు కలగలిసి ఉంటాయి. సన్నటి మూతితో నీళ్ళు చిలకరించే కూజాలు తొలి చారిత్రక యుగపు బౌద్ధ క్షేత్రాల్లో కనిపిస్తాయి. వాటిని వంట సామానుతో కలపకుండా విడిగా లెక్కపెట్టండి.

ఎలా చేశారు? అంచును బయటికి మడిచారా, లోపలికా? అడుగును దారంతో కోశారా, చెక్కతో తట్టారా? ఈ అలవాట్లు తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి చేత్తో వస్తాయి, చూసి కాపీ కొట్టడం కష్టం. బొమ్మలు త్వరగా మారతాయి, ఫ్యాషన్ లాంటివి. మడత అలవాటు మారదు. అయితే ఇది చేసినవాళ్ళ గుర్తింపు, వాడినవాళ్ళది కాదు. రెండూ వేరుగా రాయండి.

గుర్తు ఎప్పుడు పెట్టారు? పెంకు మీద గీతలు, పాత బ్రాహ్మీ లిపి అక్షరాలు ఉంటే భూతద్దం తియ్యండి. గీత అంచున మట్టి ఒత్తుకుని గట్టులా లేచి ఉంటే పచ్చిగా ఉన్నప్పుడే గీశారు, అంటే కుమ్మరి గుర్తో, ముందే చెప్పి చేయించుకున్నదో. గీత అంచు పొట్టు లేచినట్టు ఉంటే కాల్చిన తర్వాత గీసింది, అంటే సొంతదారు గుర్తు. శాలిహుండంలో అక్షరాలున్న కుండలు బయటపడ్డాయి. అలాంటి ముక్క దొరికితే చదివే ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకోండి, అర్థమే మారిపోతుంది.

ఎంత దూరం వరకు అదే ఉంది? మధ్యలో బొడిపె ఉన్న గిన్నెలను తీసుకోండి. ఒడిశాలోని శిశుపాలగఢ్ తవ్వకాల్లో ఇవి బాగా తెలిసినవి. ఇలాంటిది మన వైపు కనపడితే "కళింగులు ఇక్కడ ఉన్నారు" అని కాదు రాయాల్సింది. "ఈ చోటికి ఉత్తర తీరంతో అలవాట్లు కలిశాయి" అని రాయండి. అది నిలబడుతుంది.

9. వర్తకం: పెంకు ఎంత దూరం నుంచి వచ్చింది?

ఒక హెచ్చరిక కథతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంతకంటే మంచి పాఠం లేదు. 1945లో బ్రిటిష్ పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వినప్పుడు సన్నటి బూడిద, నలుపు పళ్ళేలు దొరికాయి. లోపలి అడుగున వలయాలుగా చిన్న గాట్లు. ఆ అలంకరణ మధ్యధరా పద్ధతి కాబట్టి అవి అక్కడి నుంచే వచ్చాయని ఆయన అనుకున్నారు. దశాబ్దాల తర్వాత మట్టికి పరీక్షలు చేస్తే అది మన దేశపు మట్టే అని తేలింది. 1990ల్లో ఎక్స్-రే పరీక్షలు గంగ ముఖద్వారం వైపు, నేటి పశ్చిమ బెంగాల్లోని చంద్రకేతుగఢ్, తామ్రలిప్తి ప్రాంతం వైపు చూపించాయి. సరిగ్గా ఎక్కడ చేశారన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆకారం చూసి ఊరు చెప్పకూడదు, మట్టి చూసి చెప్పాలి. అంత పెద్ద పురావస్తువేత్తే పొరబడ్డ చోట మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఈ గాట్ల పళ్ళేన్నే ఇంగ్లీషు మాటతో రూలెటెడ్ వేర్ అంటారు. గుర్తుపట్టే పద్ధతి:

- దాదాపు 30 సెం.మీ. వెడల్పు, కింది భాగం చదునుగా ఉంటుంది
- అంచు లోపలికి తిరిగి పక్షి ముక్కులా ఉంటుంది
- చాలా మెత్తటి మట్టి, రేణువులు దాదాపు కనపడవు, వేలితో తడితే గణగణమంటుంది
- లోపలి అడుగున గాట్ల వలయాలు, అంచు ముక్కలో ఇవి ఉండవు

చివరి సంగతి మరిచిపోయి, గాట్లు లేవని అంచు ముక్కలను వదిలేస్తుంటారు. మట్టి, ముక్కు అంచు రెండూ ఉంటే రాసుకోండి, "గాట్లు కనపడలేదు" అని పక్కన పెట్టండి. ఈ పళ్ళేలు క్రీ.పూ. చివరి శతాబ్దాల నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల వరకు వాడారు. శాలిహుండం, కళింగపట్నం నుంచి శ్రీలంకలోని అనురాధపురం, బాలిలోని సెంబిరాన్, ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న బెరెనికే దాకా దొరికాయి. మన ఒడ్డు నుంచి చూస్తే పడమటి రోమ్ కంటే తూర్పు ద్వీపాలతో ఉన్న బంధం చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. మనవాళ్ళు రోమ్ గురించి అడిగినంతగా బాలి గురించి అడగరు. నాకు అది బాధగా ఉంటుంది.

తర్వాత రోమన్ జాడీల సంగతి. వీటిని ఆంఫోరాలు అంటారు. రెండు పిడులు, కోసుగా ఉండే అడుగు, మందమైన గోడ. ద్రాక్షసారాయి, నూనె, చేపల పులుసు వీటిలో వచ్చేవి. ఇటలీలోని నేపుల్స్ ప్రాంతపు జాడీల మట్టిలో అగ్నిపర్వతపు నల్లటి ఇసుక మిరియాలు చల్లినట్టు కనపడుతుంది. మన పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు. మన ఇసుకలోనూ నల్ల రేణువులున్నాయి కదా! నల్ల చుక్కలు చూసి "రోమన్" అంటారు.

తేడా ఇలా చూడండి. అగ్నిపర్వతపు రేణువు గాజులా మెరుస్తుంది, వాలు వెలుగులో కొంచెం ఆకుపచ్చ జాడ ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. మన ఇల్మనైట్ రేణువు ఇనుములా మెరుస్తుంది, సముద్రం దొర్లించడం వల్ల గుండ్రబడి ఉంటుంది, పక్కనే గార్నెట్ కూడా కనపడే అవకాశం ఎక్కువ. ఇంత చూశాక కూడా "కావచ్చు" అనే రాయండి. తేల్చేది పలచటి కోత తీసి మైక్రోస్కోపు కింద చూసేవాళ్ళే.

లోపల తారు పూసిన, పిడులు లేని పొడవాటి జాడీలు ఇంకో రకం. ఇవి పర్షియన్ గల్ఫ్ వైపువి. చాలాకాలం వీటినీ రోమన్ జాడీలతో కలిపి లెక్కపెట్టారు. కాబట్టి పెంకు లోపలివైపు నల్లటి పూత ఉంటే, అది మసా తారా అని తప్పకుండా చూడండి. మసి వేలికి అంటుతుంది, తారు గట్టిగా పొరలా పెళుసుబారి ఉంటుంది.

వర్తకం గురించి రాసే ముందు ప్రతి బయటి ముక్కనూ ఈ మూడింట్లో ఒక చోట పెట్టండి:

- మట్టీ బయటిదే, ఆకారమూ బయటిదే: వస్తువు ప్రయాణించింది
- మట్టి ఇక్కడిది, ఆకారం బయటిది: ఆలోచన ప్రయాణించింది, లేదా కుమ్మరే వచ్చాడు
- మట్టి బయటిది, ఆకారం ఇక్కడిది: పొరుగు ఊరి సంతలో కొని ఉంటారు

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ చుట్టుపక్కల వర్తకం అంతా దాంట్లోనే ఉంది. ఇరవై కిలోమీటర్ల దూరపు సంతలకి ఎడ్లబండి మీద వెళ్ళిన కడవలే ఓడలో వచ్చిన జాడీల కంటే ఎక్కువ.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒక జాడీ ముక్క దొరికితే రోమన్లు వచ్చారని అర్థం కాదు, అది నాలుగు రేవుల్లో చేతులు మారి రావచ్చు. ఖాళీ అయిన జాడీని నీళ్ళకి మళ్ళీ వాడి ఉండొచ్చు కూడా. అలాగే కుండల్ని ఇతర సాక్ష్యంతో కలిపి చూడాలి. తొట్లకొండ మీద శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. నాణెం తేలిక, విలువైనది, దూరం పోతుంది. పెంకు బరువు, చవక. రెండూ ఒకే దిక్కు చూపిస్తే మీ మాటకి బలం. నాణేలు మాత్రమే పడమర చూపిస్తే, "డబ్బు చేరింది, సరుకు ఏ దారిన వచ్చిందో తెలియదు" అని రాయాలి. ఇక్కడి నుంచి వెళ్ళిన బట్టలు, కలప మట్టిలో మిగలవు, కాబట్టి పెంకులు మొత్తం వర్తకంలో చిన్న భాగమే చూపిస్తాయని గుర్తుంచుకోండి.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

ఎర్రపూత పోయిన పళ్ళేన్ని ముతక పెంకు కుప్పలో వేశారా? అంచు మడత లోపల, మెడ మూలల్లో పూత మిగిలి ఉంటుంది, అక్కడ చూసి మళ్ళీ విభజించండి.

ఒకే కుండ ముక్కలను మూడు కుండలుగా లెక్కించారా? ఆవంలో ఒకే కుండ ఒకవైపు ఎర్రగా, ఇంకోవైపు నల్లగా కాలుతుంది. రంగును పక్కనబెట్టి మట్టి రేణువులు, మందం, అంచు మడత పోల్చండి. విరుపులు అతుకుతాయేమో ప్రయత్నించండి, కానీ జిగురు పెట్టకండి.

కవర్ల మీద రాసింది చెరిగిపోయిందా? లోపల కూడా పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టాలి. విశాఖ తేమకి ఇంకు మూడు వానాకాలాలు ఆగదు. తడి పెంకును జిప్ కవర్లో మూస్తే బూజు పడుతుంది, నీడలో పూర్తిగా ఆరబెట్టాకే మూయండి.

పుస్తకంలోని బొమ్మతో పోలింది కాబట్టి అదే కాలం అని రాశారా? పోలిక ఒక ఆధారమే. ఆ బొమ్మలోని కుండ ఏ పొరలో దొరికిందో, ఆ పొరకి నాణెమో బొగ్గు పరీక్షో ఉందో చూడండి. లేకపోతే శతాబ్దం రాయకుండా "ఈ రకంతో పోలిక ఉంది" అని ఆపండి.

11. ఎవరికైనా పంపే ముందు

నాకైనా, ఇంకో తెలిసినవారికైనా పెంకు గురించి అడిగేటప్పుడు ఈ వివరాలు కలిపి పంపండి:

- చోటు, తేదీ, నేల ఎలాంటిది, అనుమతితో చూసిందా
- ముందు, వెనక, విరిగిన అంచు, పైనుంచి అంచు వంపు: నాలుగు ఫొటోలు, అన్నిట్లో స్కేలు
- మందం మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో
- అంచు అయితే మూతి వెడల్పు, ఎంత శాతం మిగిలింది
- విరుపులో రంగు పొరలు, కనిపించిన రేణువులు
- పూత, మసి, గార, గీతలు: ఉన్నాయా, ఏ వైపు
- పక్కన ఇంకేం పెంకులున్నాయి, ముఖ్యంగా ముతకవి
- మీ ఊహ ఏమిటి, ఎందుకు

చివరి వరసలో "ఎందుకు" అన్నది తప్పక రాయండి. మీ ఊహ తప్పైనా ఫరవాలేదు. కారణం రాస్తే ఎక్కడ దారి తప్పారో ఇద్దరం కలిసి చూడొచ్చు.